చెల్లని పెళ్ళికి సాక్షి

"అమ్మా! నువ్వు నాన్నకి పెళ్ళానివి కావంట!"

వానలో తడిసి ముద్దయిన జోనాబెల్ గుమ్మంలోనే నిలబడిపోయింది. గొడుగు మూయడం కూడా మర్చిపోయింది పిల్ల. నీళ్ళు ధారగా నేలమీద కారుతున్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒకే ఒక్క కాగితం.

అదెల్ఫా అప్పుడు అత్తగారికి చేపముక్కలు వేసిన జావ తాగిస్తోంది. మూడేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి బసిలీసాకి ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ పడిపోయాయి. అప్పటి నుంచీ స్నానం, పక్క, తిండి, మందులు, అన్నీ కోడలి చేతుల మీదే. పెళ్ళయి ఆ ఇంట అడుగుపెట్టిన రోజు నుంచీ అదెల్ఫా ఆమెని అత్తగారని అనుకోలేదు. కన్నతల్లిని పిలిచినట్టు 'నానాయ్' అనే పిలిచేది. ఆవిడా కోడల్ని 'ఇందాయ్' అని, సొంత కూతుర్ని పిలిచినట్టే పిలిచేది.

"ఏంటే ఆ పిచ్చి మాటలు? ముందు తల తుడుచుకో. నీకు జలుబు చేస్తే నా ప్రాణం తీస్తావ్" అంది అదెల్ఫా.

"పిచ్చి మాటలు కాదమ్మా... ఆస్పత్రిలో నీ ఇన్సూరెన్సు కార్డు చెల్లలేదు కదా, నాన్న ఓడ కంపెనీ వాళ్ళు నీ పేరు లేదన్నారు కదా... పెళ్ళి సర్టిఫికెట్టు తెచ్చి చూపిస్తే సరిపోతుందని వెళ్ళాను. చూడు... అంచున ఏం రాసుందో చూడు!"

అదెల్ఫా చూసింది. తమ ఊరు మోలోలోని చర్చిలో ఇరవై మూడేళ్ళ క్రితం తెల్ల గౌను వేసుకుని ఆమె పెట్టిన సంతకం... దాని పక్కన రోదెలియో సంతకం... ఆ రెంటికీ పక్కన, కాగితం అంచున, కొత్త సిరాతో రెండు వరుసలు. ఈ వివాహం మొదటి నుంచీ చెల్లదని కోర్టు తీర్పు ఇచ్చిందట! తీర్పు తేదీ నిరుడు ఆగస్టు. నిరుడు ఆగస్టు! మరి మొన్న డిసెంబరులో రోదెలియో వచ్చి నలభై రోజులు ఈ ఇంట్లోనే ఉన్నాడే! ఈ బల్ల దగ్గరే తిన్నాడే! ఆ పక్కమీదే పడుకున్నాడే! వెళ్ళే రోజున రేవులో అందరి ముందూ ముద్దు పెట్టుకుని "జాగ్రత్తే అదెల్ఫా" అన్నాడే!

తల తిప్పి చూస్తే అత్తగారు గోడ వైపు చూస్తోంది. ఆ ముసలి కళ్ళల్లో ఆశ్చర్యం లేదు. అది ఒక్కటే అదెల్ఫాకి అప్పుడు గుండెలో ముల్లులా దిగింది.

మర్నాడే తల్లీకూతుళ్ళిద్దరూ బయల్దేరారు. లాంచీ ఎక్కి, బస్సు ఎక్కి, ఇంకో బస్సు ఎక్కి, జన్మలో పేరు వినని ఏదో దూరపు ఊరి కోర్టుకి చేరారు. రోదెలియో ఆ ఊళ్ళోనే కాపురం ఉంటున్నానని కాగితాల్లో రాయించాడట. గుమాస్తా తీర్పు నకలు చేతిలో పెట్టాక, వరండాలో చెక్క బెంచీ మీద కూర్చుని చదివింది అదెల్ఫా. ప్రతివాది, అంటే తను, ఎక్కడుందో తెలియదట! ఎంత వెతికినా దొరకలేదట! అందుకని ఎవరూ చదవని పత్రికలో ప్రకటన వేయించారట. తనని ఒక్కసారైనా చూడని మానసిక నిపుణుడొకడు పధ్నాలుగు పేజీలు రాశాడు.

'ప్రతివాది ఇంటిపనిని చులకనగా చూసేది. భర్త ఓడ మీద ఉండగా రోజుల తరబడి జూదపు బల్లల దగ్గర గడిపేది. కన్నబిడ్డ జ్వరంతో మూలుగుతున్నా పట్టించుకునేది కాదు. అత్తగారిని ఆకలికి మాడ్చేది. భార్యగా ఉండగల మనస్తత్వమే ఆమెకు పుట్టుకతో లేదు.'

జోనాబెల్ ఏడుస్తోంది. అదెల్ఫా ఏడవలేదు. వేలు పెట్టి ఒక్కొక్క వరుసే చదువుతూ పోయింది. చివరి పేజీలో, ఇదంతా ప్రమాణం చేసి చెప్పిన సాక్షి పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

బసిలీసా. వాది తల్లి.

రెండేళ్ళ కిందటి మాట గుర్తొచ్చింది. "నానాయ్‌ని బకోలోద్ పట్నంలో పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళి మూడు రోజుల్లో తీసుకొస్తా" అన్నాడు రోదెలియో. పాపం, ముసలావిడకి గాలి మార్పు ఉంటుందని తనెంత సంబరపడింది! పూల గౌను ఇస్త్రీ చేసింది. మందులు పూటపూటకీ వేరువేరు పొట్లాలు కట్టింది. దారిలో తినడానికి కరకరలాడే బిస్కోచో రొట్టెముక్కలు డబ్బాలో సర్దింది. తన మీద అబద్ధపు సాక్ష్యం చెప్పడానికి వెళ్ళే మనిషికి తన చేతులతోనే పెట్టె సర్ది పంపింది!

ఇంటికొచ్చిన అదెల్ఫా తిన్నగా అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళింది.

"నానాయ్, నేను మిమ్మల్ని ఆకలికి మాడ్చానా?"

"ఇందాయ్..."

"అడిగిందానికి చెప్పండి. మాడ్చానా?"

"లేదు తల్లీ..."

"జోనాబెల్‌కి డెంగీ వచ్చినప్పుడు తొమ్మిది రోజులు ఆస్పత్రి నేలమీద పడుకున్నదెవరు? నేనా, జూదపు బల్లా?"

"వాడు చెప్పమన్నాడే! చెప్పకపోతే ఇంక ఈ గడప తొక్కనన్నాడు. పెద్దవాణ్ణి సముద్రం మింగేసింది, వీడొక్కడే కదా నాకు మిగిలింది! నీకు ఎప్పటికీ తెలియదన్నాడు. ఆ కాగితం ఆ ఊళ్ళోనే పడుంటుంది, ఇక్కడ అన్నీ ఎప్పటిలాగే ఉంటాయన్నాడు. నువ్వు నన్నెప్పటిలాగే చూసుకుంటావు కదా అనుకున్నాను... నన్ను తగలెయ్యి ఇందాయ్! ఈ మంచంతో సహా తీసుకెళ్ళి వీధిలో పడెయ్యి!"

"వీధిలో పడెయ్యాలా?" అదెల్ఫా నవ్వింది. ఆ నవ్వు చూసి జోనాబెల్ ఒక అడుగు వెనక్కి వేసింది. "అంత తేలిగ్గా వదిలేస్తానా? మీరు ఇక్కడే ఉంటారు. రోజూ నా చేత్తోనే తింటారు. రోజూ నా మొహమే చూస్తారు!"

ఆ రోజు నుంచీ మొదలైంది. మధ్యాహ్నం అత్తగారికి తల దువ్వేటప్పుడు అదెల్ఫా తీర్పు నకలు ఒళ్ళో పెట్టుకునేది. దువ్వెన తలలో మెల్లగా, సుతారంగా ఆడేది. ఒక్క వెంట్రుక లాగేది కాదు. నోరు మాత్రం చదివేది. రోజుకి ఒక వాక్యం. "ఇవాళ్టిది వినండి నానాయ్. 'ప్రతివాది అత్తగారి పక్కబట్టలు వారాల తరబడి మార్చేది కాదు.' బావుందా? మీరు చెప్పిందే. ఇదుగో, ఈ దుప్పటి పొద్దున్నే మార్చాను. వాసన చూడండి." ముసలావిడ కళ్ళు మూసుకునేది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయేవి. అదెల్ఫా తువ్వాలుతో అవీ శుభ్రంగా తుడిచేది.

"ఇంక చాలమ్మా, ఆవిడ చచ్చిపోతుంది!" అని జోనాబెల్ బతిమాలింది.

"చావనివ్వను. మందులు వేళకి ఇస్తున్నానుగా!"

ఆదివారం ఆదివారం రోదెలియో ఓడ మీద నుంచి వీడియో కాల్ చేసేవాడు. అదెల్ఫా మొహానికి పౌడరు రాసుకుని, లిప్‌స్టిక్ వేసుకుని మరీ కూర్చునేది.

"ఏంటే, ఇవాళ ఇంత అందంగా ఉన్నావు?"

"నీ కోసమే. ఎప్పుడొస్తున్నావ్?"

"సెప్టెంబరులో. ఏమైనా తేనా?"

"నువ్వొస్తే చాలు రోదెల్... నువ్వొక్కడివి వస్తే చాలు."

అతను మురిసిపోయేవాడు. అతను ఫిబ్రవరిలో ఓడ ఎక్కేముందు బకోలోద్‌లో రోవేనా అనే బ్యూటీపార్లరు ఆవిణ్ణి మేయరు ముందు పెళ్ళి చేసుకున్న సంగతి అప్పటికి అదెల్ఫాకి తెలుసు. పెళ్ళి ఫోటో కూడా సంపాదించింది. అందులో అతను వేసుకున్న అనాసనారు చొక్కా తను ఏడు రోజులు కూర్చుని అంచులు కుట్టిన చొక్కాయే.

లాయరు దగ్గరికీ వెళ్ళింది. అటార్నీ పలోమార్ అరవై దాటిన మనిషి. ఎండు మామిడి ముక్క బుగ్గన పెట్టుకుని కాగితాలన్నీ చదివి, కళ్ళజోడు తీసింది.

"నీకు సమన్లు అందకుండా మోసంతో తెచ్చుకున్న తీర్పు ఇది. పై కోర్టులో కొట్టేయించొచ్చు. అప్పుడు ఆ రోవేనా పెళ్ళి పెళ్ళే కాకుండా పోతుంది. అబద్ధపు ప్రమాణం చేసినందుకు వాడి మీద క్రిమినల్ కేసూ పెట్టొచ్చు. కానీ ఒక్కటి ఆలోచించుకో చెల్లీ. మన దేశంలో విడాకుల్లేవు, పెళ్ళి మొదటి నుంచీ చెల్లదని తీర్పు వస్తేనే విడుదల. ఇంత దుర్మార్గమైనా ఈ కాగితం నీకు స్వేచ్ఛ ఇచ్చింది. దాన్ని చింపితే నువ్వు మళ్ళీ ఆ వెధవకే పెళ్ళానివవుతావు, చచ్చేదాకా! నీకు నలభై ఆరే. రేపు ఎవరైనా మంచివాడు కనబడితే?"

"కనబడినా సరే, చింపించండి అటార్నీ."

"ఎందుకు? ప్రేమా?"

"ప్రేమా!" అదెల్ఫా పళ్ళు బిగించింది. "పుట్టుకతోనే పెళ్ళాంగా పనికిరానని రాయించాడు. పనికొస్తానో రానో బతికున్నంత కాలం చూపిస్తాను. ఆ రోవేనా పక్కన వాడు నిలబడిన ప్రతిచోటా అసలు పెళ్ళాం ఇంకోచోట ఉందని జనం అనుకోవాలి!"

పలోమార్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "సరే. నీ ఆచూకీ వాడికి తెలుసునని రుజువు కావాలి" అంది.

రుజువు చర్చిలోనే దొరికింది. పత్రికలో ఆ ప్రకటన పడిన ఆదివారమే పక్కింటి పసిపిల్లకి బాప్తిస్మం జరిగింది. ఆ పిల్లకి జ్ఞానతల్లి అదెల్ఫా, జ్ఞానతండ్రి రోదెలియో! ఫాదరు తెరిచిన రిజిస్టర్లో ఇద్దరి సంతకాలూ పక్కపక్కనే ఉన్నాయి. కింద ఒకటే చిరునామా. భార్య ఎక్కడుందో తెలియక తల్లడిల్లుతున్న మొగుడు, ఆ రోజు ఆ భార్య భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు!

"ఇది గట్టిదే" అంది పలోమార్. "కానీ నీ గుణం మీద వాళ్ళ నానాయ్ చెప్పిన సాక్ష్యం అలాగే నిలబడి ఉంది. ముసలావిడ నోరు విప్పితే వేరు. విప్పదులే, కన్నకొడుకు కదా!"

అదెల్ఫా ఇంటికొచ్చి మామూలుగానే దువ్వెన అందుకుంది. కాగితం తెరవబోయింది.

"ఇవాళ్టిది నేను చెప్తాను" అంది మంచం మీద నుంచి ముసలావిడ.

దువ్వెన ఆగింది.

"'కోడలు నా మీద చెయ్యి చేసుకున్నందువల్లే నాకు పక్షవాతం వచ్చింది.' ఇవాళ్టి వంతు అదే కదా? రేపటిది, 'ఆమె నా కొడుకుని ఏనాడూ ప్రేమించలేదు.' ఎల్లుండిది కూడా చెప్పమంటావా? అన్నీ వచ్చేశాయే నాకు! కునుకు పట్టినా అవే వినపడుతున్నాయి. ఇందాయ్... నన్ను తీసుకెళ్ళు. ఎక్కడ చెప్పానో అలాంటి చోటికే తీసుకెళ్ళు. అందరి ముందూ తిరగేసి చెప్తాను."

"నటించకండి నానాయ్. వాడు వచ్చి 'అమ్మా' అంటే కరిగిపోతారు."

"కరిగిపోతానేమో! అందుకే నా కుర్చీ పక్కన నువ్వు నిలబడు!"

పై కోర్టు సాక్ష్యాలు వినే పనిని తమ నగరం ఇలోయిలోలోని జడ్జికే అప్పగించింది. ఆ రోజు హాలు కిక్కిరిసిపోయింది. మోలోలో సగం మంది అక్కడే ఉన్నారు. సెప్టెంబరులో ఓడ దిగిన రోదెలియోకి రేవులో పెళ్ళాం ముద్దుకి బదులు కోర్టు నోటీసు అందింది. ఇప్పుడు అతని మొహం పాలిపోయి ఉంది. చక్రాల కుర్చీలో తల్లి రావడం చూసి ఎదురెళ్ళాడు.

"నానాయ్! దీని మాటలు నమ్మకు. నువ్వు ఏమీ చెప్పక్కర్లేదు. ఆరోగ్యం బాగోలేదని చెప్తే చాలు."

ముసలావిడ కుడిచెయ్యి పైకి లేచి కొడుకు చెంప నిమిరింది. అదెల్ఫా కుర్చీ పిడి బిగించి పట్టుకుంది. అయిపోయింది... కరిగిపోయింది!

"చిక్కిపోయావు తోతో" అంది తల్లి, చిన్నప్పటి ముద్దుపేరుతో. "తప్పుకో. కుర్చీ పోనివ్వాలి."

బోను మెట్లు ఎక్కలేదు కాబట్టి కుర్చీ కిందే ఉంచి ప్రమాణం చేయించారు. ఆవిడ చెప్పింది. కోడలు పెట్టె సర్దిన దగ్గర్నుంచీ చెప్పింది. పూల గౌను, మందుల పొట్లాలు, బిస్కోచో డబ్బా, ఏదీ వదల్లేదు. హాల్లో ఆడవాళ్ళు ముక్కులు ఎగబీలుస్తున్నారు.

రోదెలియో లాయరు లేచాడు. "అవ్వా, మీకు స్ట్రోక్ వచ్చింది. జ్ఞాపకశక్తి తగ్గి ఉంటుంది. రెండేళ్ళ క్రితం ఏం చెప్పారో మీకు గుర్తుందా అసలు?"

"ఎందుకు లేదు నాయనా! విను" అని మొదలుపెట్టింది. 'ప్రతివాది ఇంటిపనిని చులకనగా చూసేది' దగ్గర్నుంచి ఒక్క మాట పొల్లు పోకుండా నలభై వాక్యాలూ చదివినట్టు అప్పజెప్పింది! జడ్జి తన ముందున్న నకలుతో పోల్చుకుంటూ పేజీలు తిప్పడం అందరికీ కనబడింది.

"ఇంత బాగా ఎలా గుర్తుంది?" అన్నాడు జడ్జి.

"రోజూ మధ్యాహ్నం నా కోడలు తల దువ్వుతూ చదివి వినిపిస్తుందయ్యా."

ఎవరో కిసుక్కున నవ్వారు. లాయరు గొంతు పెంచాడు. "అప్పుడు చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటే మీకు జైలు పడుతుంది, తెలుసా?"

"పడనివ్వు. డెబ్భై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఎంత కాలం ఉంచుతారు? ఆ పిల్ల నన్ను కన్నదానిలా సాకింది. నా మలమూత్రాలు ఎత్తిన చేతుల మీద నేను బురద చల్లాను. ఆ చేతుల్తోనే అది ఇంకా నాకు అన్నం పెడుతోంది... జైలే నయం బాబూ!"

ఇన్ని నెలలూ రాయిలా బిగబట్టుకున్న అదెల్ఫా, కుర్చీ పిడి పట్టుకుని అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చేసింది.

ఏడాది తిరిగేసరికి తీర్పు వచ్చింది. మోసంతో సంపాదించిన పాత తీర్పు రద్దు. అదెల్ఫా, రోదెలియోల వివాహం చెల్లుతుంది. ఆ సాయంత్రమే అదెల్ఫా రెండో పని మొదలుపెట్టింది. అబద్ధపు ప్రమాణం కేసు కాగితం పలోమార్ ముందే టైపు చేయించి ఉంచింది. నిందితులు ఇద్దరు: కొడుకు, తల్లి.

అదెల్ఫా కలం తీసుకుని రెండో పేరు అడ్డంగా కొట్టేసింది.

"ఆవిణ్ణి వదిలేస్తే వాడి లాయరు దీన్నే పట్టుకుంటాడు. కేసు బలహీనపడుతుంది" అంది పలోమార్.

"పడనివ్వండి. ఆవిడ శిక్ష నా ఇంట్లో అనుభవించేసింది. అది వేసిందాన్ని నేనే, చాలించేదాన్నీ నేనే."

కేసు నమోదయ్యాక ఓడ కంపెనీ రోదెలియోని ఎక్కనివ్వలేదు. చట్టం లెక్కలో తను పెళ్ళామే కాదని తెలిశాక రోవేనా మూడు వారాలు చూసి, పెట్టె సర్దుకుని పుట్టింటికి పోయింది. ఆరు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం గేటు దగ్గర రోదెలియో కనబడ్డాడు. గడ్డం పెరిగింది. చెప్పులు అరిగిపోయాయి.

"అదెల్ఫా... చేసింది తప్పే. ఇప్పుడు పెళ్ళి రద్దుకి నిజంగానే కేసు వేద్దాం. తప్పంతా నాదని నేనే ఒప్పుకుంటా. పనికిరానివాణ్ణి నేనేనని రాయించు. మనిద్దరం విడుదలవుదాం. రోవేనా వస్తానంటోంది..."

"వెయ్యి. ఈసారి నేనెక్కడుంటానో తెలుసుగా? ప్రతి వాయిదాకీ వస్తాను, మంచి గౌను వేసుకుని! 'నా భర్త బంగారం, నేను వదులుకోలేను' అని చెప్తాను. నీ జుట్టు తెల్లబడేదాకా చెప్తూనే ఉంటాను!"

"నీ జీవితం కూడా పాడవుతుందే పిచ్చిదానా!"

"దాన్ని నువ్వు పధ్నాలుగు పేజీల్లో పాడుచేసి వెళ్ళావు. ఇప్పుడు మిగిలింది నా ఇష్టం."

జోనాబెల్ తల్లి మోచెయ్యి పట్టుకుంది. "అమ్మా... వదిలెయ్యవే. నువ్వు గెలిచావుగా!" కూతురి గొంతులో జాలి తండ్రి కోసం కాదని అదెల్ఫాకి తెలుసు. అతని మెడకి వేసిన తాడు తన మెడకీ బిగుస్తోందనీ తెలుసు. అయినా తల అడ్డంగా ఊపింది. "ఎప్పుడైనా వదలాలనిపిస్తే వదులుతాను. ఇవాళ అనిపించడం లేదు."

రోదెలియో కిటికీ వైపు మొహం తిప్పి అరిచాడు. "నానాయ్! నాతో వచ్చెయ్! నేను చూసుకుంటా!"

లోపల్నుంచి తల్లి జవాబిచ్చింది. ఏడుస్తున్న గొంతే అయినా, మాట మాత్రం స్పష్టంగా వినబడింది. "వేళకి తిను తోతో. నేను రాను."

అతను వెళ్ళిపోయాడు. అదెల్ఫా గేటు గడియ పెట్టి లోపలికొచ్చేసరికి ముసలావిడ కుడిచేత్తో మొహం కప్పుకుని ఉంది. కన్నకొడుకుని కాదన్న తల్లి! ఆ దుఃఖానికి ఏ మాట సరిపోతుంది? అదెల్ఫా పక్కన కూర్చుని ఆవిడ దుప్పటి సర్దింది. ఆవిడే అడిగింది.

"ఇందాయ్... నన్ను క్షమించావా?"

అదెల్ఫా ఆలోచించింది. ఇంక ఆ ఇంట్లో అబద్ధం చెప్పదలుచుకోలేదు. "ఇంకా లేదు నానాయ్."

"సరే... పోనీ ఇదొక్కటి చెప్పు. నేను పోతే ఎక్కడ పెడతావు? మా వాళ్ళ సమాధుల స్థలం వాడి పేరునే ఉంది. వాడు వచ్చి తీసుకుపోతానంటాడు..."

అదెల్ఫా చటుక్కున లేచి నిలబడింది. కళ్ళల్లో మళ్ళీ ఆ పాత నిప్పు రగిలింది. కానీ ఆ నిప్పుతోనే వంగి, అత్తగారి ఎముకల భుజాలని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"మా అమ్మ సమాధి పక్కన చోటుంది. అక్కడ పెడతాను. వాణ్ణి కోర్టుకెళ్ళి అడుక్కోమనండి, నేనూ చూస్తాను... చచ్చినా మిమ్మల్ని వాడికివ్వను!"